చెత్తకి ధర పలికినప్పుడు

ఈసారి సంపాదకీయం పొగాకు చెత్త మీద రాస్తానంటే మా సంపాదకవర్గంలో ఒకరిద్దరు నవ్వారు. స్త్రీల హక్కుల పత్రికకి చెత్తతో ఏం పని అని. నిజానికి చెత్తతో మనకున్నంత పని ఇంకెవరికీ లేదు. ఊడ్చేది మనం, ఎత్తేది మనం, అందులోంచి పనికొచ్చేది ఏరుకునేదీ మనమే. ఆ ఏరుకున్నదానికి బజారులో ధర పలకడం మొదలయ్యాక ఏమవుతుందన్నదే నేనిక్కడ లేవనెత్తదలచుకున్న ప్రశ్న.

వ్యవసాయ వ్యర్థాల నుంచి విలువైన రసాయనాలు తీయవచ్చనే మాట ఈమధ్య సెమినార్లలో, వ్యవసాయ పేజీల్లో బాగా వినిపిస్తోంది. తవుడులోంచి, నిమ్మజాతి పండ్ల తొక్కల్లోంచి, పొగాకు పొడిలోంచి మందులకీ సౌందర్య సాధనాలకీ పనికొచ్చే పదార్థాలు తీయవచ్చు. శాస్త్రం మాటకొస్తే ఇందులో అబద్ధం లేదు. అలాంటి ఒక సభలో నేను లేచి, ఈ చెత్తని ఇప్పటిదాకా ఎవరు వాడుకుంటున్నారో ఎవరైనా లెక్క వేశారా అని అడిగాను. వేదిక మీది పెద్దమనిషి నవ్వి, "మేడం, మీది సోషియాలజీ, ఇది కెమిస్ట్రీ" అన్నాడు. ఆ నవ్వుకి జవాబు చెప్పాలంటే రెండూ తెలుసుకోవాలి. పొదిలి చుట్టుపక్కల పల్లెలు అందుకు మంచి చోటు.

వర్జీనియా పొగాకు 1920లలో గుంటూరు ప్రాంతంలో అడుగుపెట్టింది. నల్లరేగడి నేలల నుంచి క్రమంగా దక్షిణానికి, వాన చాలని తేలిక నేలల్లోకి పాకింది. పొదిలి, కనిగిరి, కందుకూరు మెట్టల్లో కందీ జొన్నా తప్ప ఇంకేం పండుతుందనుకునే రైతుకి చేతిలో నాలుగు రూపాయలు పడే పంట ఇదే అయింది. పరిశోధనకి 1947లో రాజమండ్రిలో కేంద్ర సంస్థ వచ్చింది. 1975 చట్టం కింద గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డు 1976లో ఏర్పడింది. ఆంధ్రలో వేలం పాటలు 1985లో మొదలయ్యాయి. పొదిలికి వేలం కేంద్రం వచ్చింది. ఈ చరిత్రనంతా బోర్డూ, కంపెనీలూ, రైతు సంఘాలూ బాగానే రాసుకున్నాయి. కూలీ స్త్రీ ఆ చరిత్రలో ఒక ఖర్చు పద్దు. అంతకు మించి కనపడదు.

ఆమె పని ఎక్కడ మొదలవుతుందో చూడండి. నారుమడిలో కలుపు తీయడం, నారు పీకడం, నాటడం. పొగాకు వేళ్ల మీద బతికే మల్లె అనే పరాన్న మొక్క ఉంది. ఆకు ఉండదు, తెల్లటి పూలతో నేలలోంచి పొడుచుకొస్తుంది. అది గింజ కట్టకముందే పీకి పారేయాలి, లేకపోతే గింజలు ఏళ్ల తరబడి నేలలో ఉండిపోతాయి. నడుం వంచి ఆ మల్లె పీకేది స్త్రీలే. మొక్క పూతకొస్తే తలలు తుంచాలి, పక్కన వచ్చే పిలకలు గిల్లాలి. జనవరి నుంచి రెలుపులు. కింది ఆకు ముందు, పై ఆకు తర్వాత, రోజులు గడిచేకొద్దీ పండిన వరకే కోస్తారు. కోసిన ఆకుని బ్యారన్ దగ్గర నీడన కూర్చుని కర్రలకు అల్లాలి. బ్యారన్‌లో దూలాల మీదకెక్కి కర్రలు పేర్చేదీ, మంట చూసేదీ మగవాళ్లు. ఆ పనికి కూలి ఎక్కువ. కాలిన ఆకుని దించి, మండె వేసి, రంగునీ నాణ్యతనీ బట్టి గ్రేడింగ్ చేసేది మళ్లీ స్త్రీలే. వేలం కేంద్రంలో కొనేవాడు బేలు విప్పి చూసి ధర చెప్పే ఆ 'గ్రేడు' అసలు నిర్ణయమయ్యేది ఈమె వేళ్ల కింద. అయినా ఇది 'నైపుణ్యం లేని పని' కిందే లెక్క. నర్సాపురం లేసు అల్లే స్త్రీల మీద మరియా మీస్ 1982లో పుస్తకం తెచ్చినప్పుడు చెప్పినది ఇదే. తీరిక వేళల్లో చేతిపని అని పేరు పెడితే చాలు, ప్రపంచ మార్కెట్‌కి సరుకు తయారుచేసే శ్రామికురాలు ఇంట్లో కూర్చున్న గృహిణిగా మారిపోతుంది. పొగాకులో గృహిణి బదులు 'ఆడకూలి'. అంతే తేడా.

జనవరి ఉదయాల్లో ఆకు మంచుకి తడిసి ఉంటుంది. ఆ తడిలో నికొటిన్ కరిగి చర్మంలోంచి ఒంట్లోకి పోతుంది. కళ్లు తిరగడం, వాంతులు, తలనొప్పి. పచ్చి పొగాకు జబ్బని దీనికి వైద్యశాస్త్రం పేరు పెట్టింది. అమెరికాలో ఫ్లోరిడా పొగాకు కూలీలలో దీన్ని 1970లో గుర్తించి రాశారు. మన దగ్గర దీనికి పేరు లేదు. కొత్తగా పెళ్లయిన పిల్ల కక్కుకుంటే వేవిళ్లంటారు, నడివయసు మనిషి కక్కుకుంటే పైత్యమంటారు. బ్యారన్ దగ్గర ఆకు అల్లుతున్న ఒక పెద్దమ్మని అడిగితే ఆమె చేతులు చాపి చూపించింది. వేళ్ల సందుల్లో నల్లగా జిగురు పట్టి ఉంది.

"బూడిద పెట్టి రుద్దినా పోదమ్మా. అన్నం కలుపుకుంటే ముద్ద చేదు. సంటిదానికి పాలియ్యాలంటే మా కోడలు నాలుగుసార్లు కడుక్కుంటది," అంది.

ఈ చేదు ఏమిటో చెప్పడానికి కొంచెం రసాయనశాస్త్రం కావాలి. సెమినార్ పెద్దమనిషి క్షమించాలి.

నికొటిన్‌ని పొగాకు నుంచి మొదట వేరుచేసింది 1828లో, జర్మనీలో. తీసే పద్ధతి పెద్ద రహస్యమేమీ కాదు. పొగాకు నుసినీ, ఈనెలనీ, ముక్కనీ పొడి చేసి, సున్నంతో కలిపి తడిపితే నికొటిన్ విడివడుతుంది. దాన్ని కిరోసిన్ లాంటి ద్రావకంలోకి లాగి, గంధకామ్లంతో కడిగితే నికొటిన్ సల్ఫేట్ వస్తుంది. నూటికి నలభై పాళ్ల ద్రావణంగా దీన్ని చాలా ఏళ్లు పురుగుమందుగా వాడారు. బాగా శుద్ధి చేసిన నికొటిన్ సిగరెట్ మానిపించే చూయింగ్ గమ్‌లోకీ, చర్మానికి అంటించే పట్టీల్లోకీ పోతుంది. స్వీడన్‌లో తయారైన ఆ గమ్ 1970ల చివర బజారులోకి వచ్చింది, 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇలాంటి మందుల్ని అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చింది. అంటే ఒకే చెత్తలోంచి విషమూ వస్తుంది, ఒక వ్యసనానికి మందూ వస్తుంది.

ఇక్కడ ఒక విషయం మీద ఆగాలి. నికొటిన్ సల్ఫేట్‌ని పురుగుమందుగా మన దేశంలో వాడకూడదని 1992 మే నెలలో కేంద్ర ప్రభుత్వం నిషేధించింది. అయితే ఎగుమతి కోసం తయారుచేయడానికి అనుమతి ఉంచింది. చల్లేవాడి ఒంటికి ప్రమాదమని గ్రహించిన ప్రభుత్వానికి తయారుచేసేవాళ్ల ఒళ్లు కనపడలేదు. పచ్చి ఆకుని రోజంతా ఒళ్లో పెట్టుకుని అల్లే స్త్రీ ఒళ్లు అసలే కనపడలేదు. విషం ఎంత పలచనైతే ప్రమాదం అంత తక్కువ అనవచ్చు. ఒప్పుకుంటాను. కానీ ఆమె దాన్ని సీజనంతా ముట్టుకుంటుంది, చేతికి తొడుగు లేకుండా.

రెండో పదార్థం సొలనెసాల్. పొగాకు ఆకులో 1956లో అమెరికా శాస్త్రవేత్తలు కనుగొన్నారు. నలభై అయిదు కర్బన పరమాణువుల పొడవాటి గొలుసు, మైనంలా ఉంటుంది. ఎండిన ఆకు బరువులో నూటికి ఒక పాలు అటూ ఇటూ, కొన్ని రకాల్లో అంతకు మించి. దీన్ని హెక్సేన్ లాంటి ద్రావకంతో లాగి, క్షారంతో ఉడికించి, పదేపదే శుద్ధి చేస్తారు. దీని విలువంతా దీన్నుంచి చేసే కోఎంజైమ్ క్యూటెన్‌లో ఉంది. మన ఒంట్లో ప్రతి కణం శక్తి తయారుచేసుకోవడానికి కావలసిన పదార్థం అది. గుండెజబ్బు మనుషులకీ, వయసు మళ్లినవాళ్లకీ మాత్రలుగా, ముఖానికి రాసే ఖరీదైన క్రీములుగా అమ్ముడుపోతుంది. జపాన్‌లో దాన్ని ఈస్ట్‌తో పులియబెట్టి కూడా తీస్తున్నారు కాబట్టి పొగాకు దారికి పోటీ లేకపోలేదు. అయినా వేలంలో ఎవరూ అడగని ముక్కాకుకి ఇదొక ధర.

మూడోది గింజ. గ్రాముకి వేల గింజలు తూగే అంత చిన్న గింజలో మూడోవంతు పైగా నూనె. ఆ నూనెలో నికొటిన్ ఉండదు. సబ్బుకీ రంగులకీ పనికొస్తుంది, శుద్ధి చేస్తే తినడానికీ పనికొస్తుందని రాజమండ్రి పరిశోధకులు చెబుతూ వచ్చారు. కాకపోతే వర్జీనియా పొగాకులో తలలు ముందే తుంచేస్తారు గనక మనవైపు గింజ మాట తక్కువ. కట్టెలో నికొటినూ తక్కువే, సొలనెసాల్ నామమాత్రం. కట్టె పొయ్యిలోకే. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, 'పొగాకు వ్యర్థం' అనే ఒకే మాటలో చాలా వస్తువులు కలిసిపోయాయి. గ్రేడింగ్ గదిలో నేల మీద మిగిలే నుసి వేరు. తుంచి పారేసిన తలా పిలకా వేరు. చేలో నిలబడిపోయిన కట్టె వేరు. ఒక్కొక్కదానికి ఒక్కొక్క వాడకం ఉంది, ఒక్కొక్కదాని మీద ఒక్కొక్కరి చెయ్యి ఉంది.

నేను తిరిగిన పల్లెల్లో ఆకు అయిపోయాక కట్టె పీకి తెచ్చుకునేది కూలి స్త్రీలు. కందికట్టె, పత్తికట్టె, మిరపకట్టె దొరకని ఇంటికి పొగాకు కట్టె పొయ్యిలోకి వస్తుంది. గ్యాస్ బండ వచ్చాక కూడా నీళ్లు కాచడానికీ, పండగపూట పెద్ద వంటలకీ అదే. రైతు కాదనడు, చేను శుభ్రపడుతుంది గనక. ఇది చట్టంలో రాసిన హక్కు కాదు, పట్టాదారు పాసుపుస్తకంలో కనపడదు. కోతైన చేలో పరిగె ఏరుకునే హక్కు లాంటిది. ఎవరూ ఇవ్వలేదు, ఎవరూ కాదనలేదు. మన ఊళ్లలో ఆడవాళ్ల ఆస్తి చాలావరకు ఇలాగే ఉంటుంది. ధర లేనంతవరకే అది ఆమెది.

పాత సంగతి ఒకటి గుర్తు చేస్తాను. వడ్లు రోట్లో దంచుకున్న రోజుల్లో తవుడూ నూకా దంచిన మనిషివి. ఆ తవుడు ఆమె గేదెకి పోయేది, గేదె పాలు ఆమె చేతిలో నాలుగు డబ్బులయ్యేవి. దంపుడు పనిని కాపాడాలని 1958లో కేంద్రం రైసుమిల్లుల మీద నియంత్రణ చట్టం చేసింది. మిల్లులు మాత్రం ఆగలేదు. దంపుడు కూలీ పోయింది. దానితో బాటే తవుడూ పోయింది, ఆ సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. తర్వాత తవుడులోంచి హెక్సేన్‌తో నూనె తీయడం పెద్ద పరిశ్రమ అయింది. అందులో ఒరైజనాల్ అనే పదార్థం ఉందనీ, కొలెస్టరాల్‌కి మంచిదనీ డబ్బాల మీద రాసి అమ్ముతున్నారు. తవుడు తిన్న గేదెనీ, ఆ గేదెని మేపిన మనిషినీ ఆ లెక్కల్లో వెతికితే దొరకరు. ఆరోగ్యానికి మంచి నూనె రాకూడదని నేననడం లేదు. వ్యర్థంగా ఉన్నది వనరుగా మారిన రోజున దాని యజమాని కూడా చడీచప్పుడు లేకుండా మారిపోయింది. పొగాకులో ఇప్పుడు జరగబోయేది అదే అయితే ముందే మాట్లాడుకోవాలి.

ఇంతకీ పొగాకు విషం కదా, దానికి ఇంకో ఆదాయం వెతికి ఆ పంటని బతికించడమెందుకు అని మన మిత్రులు అడుగుతారు. అడగాలి కూడా. 1992లో పక్కనే నెల్లూరు జిల్లాలో దూబగుంట స్త్రీలు సారా దుకాణం మూయించినప్పుడు ప్రభుత్వ ఆదాయం ఏమైపోతుందని మనం దిగులుపడలేదు. సారా తాగింది మగవాడు, దెబ్బలు తిన్నది ఆడది. అక్కడ లెక్క తేలిక. పొగాకులో అంత తేలిక కాదు. ఈ పంట పోతే బ్యారన్ ఉన్న రైతు ఏదో ఒక పరిహారం అడుగుతాడు, అడగడానికి ఆయనకి రిజిస్ట్రేషన్ కాగితం ఉంది. ఆకు అల్లే మనిషికి ఏ కాగితం ఉంది? పొగాకు నియంత్రణ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒడంబడిక 2005లో అమల్లోకి వచ్చింది, మన దేశం అంతకు ముందు సంవత్సరమే ఆమోదించింది. దాని పదిహేడో అధికరణం రైతులతో పాటు పొగాకు శ్రామికులకీ ప్రత్యామ్నాయ బతుకుతెరువు చూపించాలంటుంది. శ్రామికులు అన్న ఆ మాటని మన ప్రభుత్వాలు చదవడం మర్చిపోయినట్టున్నాయి. ఒక్క సంగతి ఖాయంగా చెప్పగలను. కిలో ఆకు కాల్చడానికి నాలుగైదు కిలోల కట్టె తగలబెట్టే ఈ పంటని నేను ప్రేమించడం లేదు. పంట ఉన్నంతకాలం దాని చెత్తలో వచ్చేదానిలో వాటా, పంట పోయిన రోజున దాని స్థానంలో వచ్చే పనిలో వాటా, రెండూ ఆ స్త్రీకి రావాలంటున్నాను.

వాటా అనగానే ఆస్తి దగ్గరికి వస్తాం. మన రాష్ట్రంలో కూతుళ్లకు పూర్వీకుల ఆస్తిలో సమాన హక్కునిస్తూ 1986లో చట్టం వచ్చింది. దేశమంతటా రావడానికి 2005 దాకా పట్టింది. కాగితం మీద మనం ఇరవై ఏళ్లు ముందున్నాం. నేల మీద చూస్తే, నేను కలిసిన ఇళ్లలో బ్యారన్ లైసెన్సు దాదాపు ఎక్కడా స్త్రీ పేరున లేదు. భర్త చనిపోయిన చోట ఒకటి రెండు కనిపించాయి, అవీ కొడుకు సంతకం చేసే వయసు వచ్చేదాకా. బేళ్లు అమ్మిన డబ్బు రైతు ఖాతాలో పడుతుంది. రేపు ఏ కర్మాగారమో నుసీ ముక్కా కొంటామని వస్తే ఆ డబ్బు పడేదీ ఆ ఖాతాలోనే. గది ఊడ్చి, నుసి పోగు చేసి, రాళ్లూ దారాలూ ఏరి సంచికెత్తే పని మాత్రం గ్రేడింగ్ కూలిలోనే కలిసిపోతుంది. పని పెరుగుతుంది, కూలి పెరగదు. 'ఎటూ ఊడుస్తారు గదా' అంటారు.

మరి ఏం చేయాలి? నా దగ్గర పథకం ఏమీ లేదు. కొన్ని పట్టుదలలు ఉన్నాయి. ఊడ్చి ఏరిన సరుకుకి తూకం లెక్కన విడిగా కూలి ఉండాలి. 1976 సమాన వేతన చట్టం 2019 వేతనాల కోడ్‌లో కలిసిపోయింది, ఆ కోడ్ 2025 నవంబరులో అమల్లోకి వచ్చింది. పేరు మారినా ఒకే రకం పనికి ఆడకూలి, మగకూలి అని రెండు రేట్లు ఉండకూడదన్న మాట మారలేదు. బ్యారన్ దగ్గర దాన్ని చదివి వినిపించడం మన సంఘాల పని. చేతి తొడుగులూ, కడుక్కోవడానికి నీళ్లూ, పాలిచ్చే తల్లులకి పచ్చాకు పని నుంచి విడుపూ అడగాలి. కట్టె జోలికి ఎవరూ రాకూడదు. రాజమండ్రి పరిశోధకులు చెప్పినంతవరకూ విలువంతా ఆకులోనే ఉంది గనక, కట్టెతో సహా మొత్తం చేను గుత్తకి తీసుకుంటామనే వాణ్ణి నమ్మనక్కరలేదు. ద్రావకాలతో తీసే పని మహిళా సంఘాలు పెరట్లో చేసుకోవచ్చని ఉత్సాహపడేవాళ్లని కూడా నేను నమ్మను. హెక్సేన్ పెట్రోలు లాంటిది, నిప్పురవ్వ చాలు. పచ్చళ్లూ అప్పడాలూ అన్నట్టు నికొటిన్ అనకూడదు. సంఘాలు చేయగలిగింది సేకరణ, తూకం, బేరం. బేరం కూడా సామాన్యమైనదేం కాదు.

పొదిలి గురించి ఇంకొక్క మాట. ఫ్లోరోసిస్ జబ్బు ఈ దేశంలో మొదట వెలుగులోకి వచ్చింది ఈ ప్రాంతంలోనే, అప్పటికి ఇది నెల్లూరు జిల్లా. దాని గురించి వైద్య పత్రికలో 1937లో రాశారు. అంతకుముందే దుక్కిటెద్దులు కాళ్లు పట్టేసి లేవలేకపోవడం ఇక్కడి రైతులు చూశారని చెబుతారు. నీళ్లు మోసి మోసి నడుం పట్టేసిన ఆడవాళ్లని ఎవరు ముందు చూశారో ఎక్కడా రాసి లేదు. ఎద్దు లేవకపోతే పొలం ఆగిపోతుంది, అందుకని తెలిసింది. ఆ నడుములతోనే ఇప్పటికీ మల్లె పీకుతున్నారు.

ఆ పెద్దమ్మకి ఈ సొలనెసాల్ గొడవంతా నాకు చేతనయినట్టు చెప్పాను. గుండెకి మంచిదట, ముఖానికి రాసుకునే క్రీముల్లో కూడా వేస్తారట అని. ఆమె నుసి దులుపుకుంటూ విని, "అయితే యీ ఊడ్చిందాన్ని కొనుక్కుపోయేటోళ్లు ఎవురితో మాట్టాడతారు? కాపుతోనా, మాతోనా?" అని అడిగింది. కాపుతోనే మాట్లాడతారని చెప్పాను. "ఆయనకి అదెంత వచ్చుద్దో ఆయనకే తెలవదు. కాటా ఎక్కిచ్చి చూసిందెవురు?" అంది.

ఆ మాట పట్టుకునే ఈ పని మొదలుపెడుతున్నాం. ఒక సీజనులో ఒక బ్యారన్ దగ్గర ఎంత నుసి, ఎంత ముక్క, ఎన్ని తలలు, ఎంత కట్టె వస్తుందో, ఎవరు ఎత్తుతారో, ఎవరింటికి పోతుందో పాఠకులు రాసి పంపితే ప్రచురిస్తాం. పొదిలి, కనిగిరి, కొండపి వైపు ఉన్న మిత్రులు ఇందులో పాలుపంచుకోవాలి. తవుడు గురించీ, వేరుశనగ పొట్టు గురించీ, బత్తాయి తొక్క గురించీ రాసినా సరే. వచ్చే జనవరిలో రెలుపులు మొదలయ్యేసరికి ఒక కాటా, ఒక నోటుపుస్తకం తీసుకుని నేనూ ఆ బ్యారన్ దగ్గరికే వెళుతున్నాను.